జీలుగు మీద సిగ్నల్

ఆ ఎండాకాలం దాకా సిగ్నల్ అంటే నాకు తెలిసింది ఒక్కటే, టైడా స్టేషన్లో రైలుకి పడేది. అది అందరూ చూస్తుండగా పడుతుంది, అందరూ చూస్తుండగా లేస్తుంది. దానికి ఒకరంటే ఎక్కువా, ఒకరంటే తక్కువా లేదు. రెండు వేల ఎనిమిదో సంవత్సరం మార్చిలో రమణి మేడమ్ వెతుక్కుంటూ వచ్చిన సిగ్నల్ అలాంటిది కాదు. అది మా ఇంటి ముందు పడలేదు. నా కందిచేలో పడలేదు. నేను పొద్దున్నే లేచి ఊడ్చి, రాళ్ళేరి, చదును చేసి చూపించిన పసుపు మడిలో అసలే పడలేదు. పోయి పోయి మా తమ్ముడు ధర్మ కల్లు గీసే జీలుగు చెట్టు మొదట్లో పడింది.

పడదు మరి? ఆ చెట్టుకి ముందు నుంచీ వాడంటేనే ప్రేమ.

మాది ఉసిరిగుడ. టైడాలో రైలు దిగి గంటన్నర కొండెక్కితే పదమూడు ఇళ్ళ గుడ. మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం, నేను, నా భార్య రత్న, ధర్మ. మాకు పిల్లలు లేరు. అయ్య పోయేనాటికి ధర్మకి తొమ్మిదేళ్ళు. అప్పుడే కాపురానికి వచ్చిన రత్న వాణ్ణి కడుపున పుట్టినవాడిలా సాకింది.

అయ్య మాకు వదిలి వెళ్ళినవాటిలో ఘనమైనది ఆ జీలుగు చెట్టు. అప్పటికి మూడేళ్ళ కిందట అది మొదటి గెల వేసింది. ఇంటికి పెద్దవాణ్ణి కాబట్టి నేనే ఎక్కి గీశాను. పది రోజులు గీసినా కుండ అడుగు తడవలేదు. రెండో గెల ధర్మ గీశాడు. మూడో రోజుకి కుండ పొంగింది. "సెట్టుకి సిన్నోడి సెయ్యి నచ్చినాది" అని మా గుడ పెద్ద యర్రయ్య అక్కడికక్కడే తేల్చేశాడు. అప్పటి నుంచి ఏ గెల వేసినా వాడే ఎక్కుతున్నాడు. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఒక గెలకి ఎవరు కత్తి పెడితే, అది ఎండిపోయేదాకా వాళ్ళే గీయాలి. మధ్యలో ఇంకొకరు ఎక్కి కత్తి ఆనించారో, చెట్టు అలిగి ధార ఆపేస్తుంది.

కల్లు దొరకదని కాదు నా ఏడుపు. నాకూ పోసేవాడు. కానీ పొద్దున్నే చెట్టు మొదట్లో గుడంతా చేరుతుంది. పోసేవాడు రాతి మీద కూర్చుంటాడు, తాగేవాళ్ళు అడ్డాకు డొప్ప పట్టుకుని వాడి ముందు వంగాలి. నేను ముక్కు తుడిచి పెంచినవాడి ముందు నేను మూడేళ్ళుగా వంగుతున్నాను. వాడేమో ప్రతిరోజూ "అన్నా, ముందు నీకే" అని పోసేవాడు. అలా అనకుండా పోసినా నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

రమణి మేడమ్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. విశాఖపట్నంలో ఉద్యోగం. పిట్టల పిచ్చి అని తనే చెప్పుకుంది. తెల్లవారుజామున మా కొండల్లో పిట్టల్ని చూసి పుస్తకంలో రాసుకోవాలి, పది గంటల నుంచి కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకోవాలి, అదీ ఆవిడ ఏర్పాటు. ఎక్కడెక్కడి ఊళ్ళకో మురుగు కాలవల పటాలు గీస్తుందట. గుడారంలో కూర్చుని గీసినా ఆఫీసువాళ్ళకి అభ్యంతరం లేదు గాని, ఏ రోజు పటం ఆ రోజు సాయంత్రం నాలుగింటికల్లా వాళ్ళకి చేరాలి. నెలలో రెండు రోజులు పటం అందకపోతే గుడారం విప్పేసి వెనక్కి రమ్మని ముందే చెప్పి పంపారు.

అందుకే వచ్చిన రోజు బువ్వ కూడా తినకుండా, తెరిచిన కంప్యూటర్‌ని రెండు చేతుల మీదా పెట్టుకుని మా గుడంతా నడిచింది. వెనకాల నేను.

"మా మడిలో దిగిపోండి మేడమ్. ఊట దగ్గిర, నీడున్నాది."

"ఇక్కడ ఒక్క గీత కూడా లేదు సుక్రూ."

"రేపటికి వొస్తాదేమో. ఇయాల మబ్బుగా ఉంది కదా."

ఆవిడ నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

జీలుగు మొదట్లో ఒక గీత వచ్చింది. మేడమ్ తలెత్తి చెట్టు పొడవు చూసింది. సంచిలోంచి చేపముల్లు లాంటి చిన్న యాంటెన్నా తీసింది, దానికి పొడవాటి నల్ల వైరు. అవతలి కొండ మీద కొత్తగా లేచిన టవరు వైపు దాని మొహం తిప్పి, ఎంత ఎత్తున కడితే అంత మంచిదని చెబుతోంది. ఆవిడ మాట పూర్తి కాకముందే ధర్మ యాంటెన్నా నడుముకి దోపుకుని వెదురు నిచ్చెన ఎక్కేశాడు.

"ఎంతున్నాది మేడమ్?" అన్నాడు పైనుంచి.

"రెండు. కొంచెం కుడికి తిప్పు. మూడు. ఆగు, ఆగు. నాలుగు. కట్టెయ్ ధర్మా."

కింద నిలబడ్డ మా గుడంతా ఆ నాలుగు గీతలకీ మురిసిపోయింది. గీతలంటే ఏమిటో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు, కాకపోతే ఆ నాలుగూ ధర్మవేనని మాత్రం తెలిసింది.

గుడారం చెట్టు పక్కనే వేశారు. నా వంతుకి బ్యాటరీ వచ్చింది.

మా గుడకి కరెంటు స్తంభాలు వచ్చి అప్పటికి రెండేళ్ళు. కరెంటు మాత్రం ఇంకా దారిలో ఉంది. మేడమ్ కంప్యూటర్ లారీ బ్యాటరీ మీద నడిచేది. రోజు విడిచి రోజు దాన్ని కావడి మీద టైడా టీకొట్టుకి దింపి, ఛార్జింగ్ పెట్టించి, మళ్ళీ కొండెక్కించాలి. కావడికి ఒక పక్క బ్యాటరీ ఉంటే రెండో పక్క సరి బరువు ఉండాలి కదా. సరుకేమీ లేని రోజున రాయి కట్టుకునేవాణ్ణి. కొండ మీద రాళ్ళు కరువైనట్టు కింద నుంచి మోసుకొస్తున్నాడని ఆడవాళ్ళు నవ్వేవారు. ధర్మ చేసేది చూడబోతే ఏముంది? కల్లు కోసం ఎలాగూ రోజుకి మూడుసార్లు ఎక్కుతాడు. ఎక్కినప్పుడు గాలికి పక్కకి తిరిగిన యాంటెన్నాని మళ్ళీ టవరు వైపు తిప్పి వస్తాడు. బరువు నాకు, పేరు వాడికి.

ఆ పేరు రోజురోజుకీ పెరిగింది. యర్రయ్య మనవడికి పాడేరు హాస్టల్లో సీటు వచ్చిందని మేడమ్ కంప్యూటర్లో కనిపించింది. సీటు ఆ గుంటడు చదివి తెచ్చుకున్నాడు, పేర్ల లిస్టు ఎవరో ఆఫీసర్లు పెట్టారు, కంప్యూటర్ మేడమ్‌ది, అది నడిచిన బ్యాటరీ నేను మోసింది. యర్రయ్య వచ్చి ధర్మ భుజం తట్టి, "నీ సెట్టు పుణ్యమే గుంటడా" అన్నాడు. నేను పక్కనే కావడి దించుకుంటున్నాను.

ఆ రాత్రి రత్న గుడ్లు ఉడకేసింది. పెద్ద గుడ్డు ధర్మ ఆకులో వేసింది.

"ఆడికే ఎందుకేటి?" అన్నాను.

"పైకెక్కీవోడు కదా."

"నాను మోసీవోణ్ణి కాదేటి?"

రత్న నన్ను వింతగా చూసి, తన ఆకులోని గుడ్డు కూడా తీసి నా ఆకులో పెట్టింది. ధర్మ తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి, గుడ్డు కోసం తమ్ముడితో పోటీ పడ్డాను. సిగ్గు వేసింది. అయినా రెండూ తిన్నాను.

మేడమ్ మంచిది. అది కూడా నాకు కంటకంగానే ఉండేది. చెడ్డదైతే ఆవిడ మెచ్చుకున్నవాణ్ణి తేలిగ్గా తీసిపారేయవచ్చు. ఒకరోజు గుడారం ముందు కూర్చోబెట్టి, చెట్టు మీద నుంచి దిగుతున్న ధర్మ ఫోటో కంప్యూటర్లో చూపించింది. ఆఫీసుకి పంపిందట. "మా ఆఫీసులో అందరికీ ధర్మ తెలుసు సుక్రూ. నాలుగయ్యేసరికి 'ధర్మ చెట్టెక్కాడా' అని అడుగుతారు." నా మొహం చూసి ఏమనుకుందో, "ఉండు, నీదీ తీస్తాను" అని కావడితో సహా నిలబెట్టి తీసింది. ఆ ఫోటోలో బ్యాటరీ చాలా బాగా పడింది.

ఒక్కసారి మాత్రం సిగ్నల్ తప్పింది. ఏప్రిల్ మొదట్లో రోజంతా వాన పడి, పటం మర్నాడు గాని వెళ్ళలేదు. మేడమ్ ఆ రోజు అన్నం తినలేదు. అప్పటి నుంచి నాలుగు దగ్గర పడుతుంటే ఆవిడ కంప్యూటర్నీ చెట్టునీ మార్చి మార్చి చూసేది. మరొక్కసారి తప్పితే ఆవిడ వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే ధర్మ మళ్ళీ ఒట్టి కల్లు గీసేవాడు అవుతాడు. నాలుగు దాటేదాకా నేను కూడా చెట్టు వైపే చూస్తుండేవాణ్ణి. ఎందుకు చూసేవాణ్ణో పైకి చెప్పేది కాదు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకి పోవాలి. పోకుండా ఇంట్లో కూర్చున్నవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు, అడిగేవాళ్ళు లేరు. ముందు రోజే బ్యాటరీ జారి నా కాలి బొటనవేలి మీద పడింది, అందుకని నేను ఉండిపోయాను. ధర్మ పొద్దున గెల చెక్కి, కుండ కట్టి, విల్లు తీసుకుని గుడారం దగ్గరకి వచ్చాడు.

"పొద్దోలేటప్పటికి వొచ్చేత్తాను మేడమ్. మజ్జానం ఎక్కడం మాత్రం ఇయాల్టికి అవదు."

"నిశ్చింతగా వెళ్ళిరా. పండగని ఆఫీసుకి నిన్ననే చెప్పాను. ఇవాళ ఆరు దాకా ఆగుతామన్నారు."

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. మీరు ఇది గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను విననట్టే నటించాను.

పూట గడవకుండానే ఆడవాళ్ళు వచ్చారు. బొటనవేలు చూపించాను. వాళ్ళు వేలు కాసేపు పరీక్షగా చూసి, జాలిపడి, ఆపైన పేడనీళ్ళు పోశారు. అందరికన్నా పెద్ద బిందె రత్నది. ఊట దగ్గర కడుక్కుంటుంటే, వాళ్ళు నవ్వుకుంటూ పోతూ "ధర్మ ఏం తెస్తాడో" అని మాట్లాడుకోవడం వినిపించింది.

మధ్యాహ్నం రెండు దాటాక గాలి లేచింది. జీలుగు మట్టలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. గుడారంలోంచి మేడమ్ బయటికి వచ్చి పైకి చూసింది. యాంటెన్నా మొహం టవరుని వదిలి రైలు పట్టాల వైపు తిరిగిపోయింది.

"పోయింది" అంది.

"నానెక్కుతాను మేడమ్."

"వద్దు సుక్రూ, నీ కాలు బాగాలేదు. ధర్మ వస్తాడుగా. ఆరు దాకా టైముంది."

"ఆడొచ్చీదాకా ఏటికి? నాకు రాదేటి ఎక్కడం? ఆడికి నేర్పినోణ్ణే నాను."

ఆవిడ ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను నిచ్చెన మీద ఉన్నాను. పొద్దుటి నుంచి నేల మీద ఆననివ్వని బొటనవేలికి వెదురు కణుపుల మీద ఒక్కసారి కూడా నొప్పి పుట్టలేదు.

మూడేళ్ళ తర్వాత ఆ చెట్టు పైకి చేరాను. యాంటెన్నా కట్టిన తాడు సడలించి, అవతలి కొండ చూసుకుని తిప్పాను. కింద నుంచి మేడమ్ గొంతు వచ్చింది.

"రెండు. మూడు. నాలుగు వచ్చింది సుక్రూ. ఇంకొంచెం. ఐదు. సుక్రూ, ఐదు వచ్చాయి. ఇన్నాళ్ళలో ఎప్పుడూ రాలేదు."

నా పేరు అంత సంతోషంగా ఎవరైనా పిలవడం నాకు గుర్తు లేదు. ధర్మకి ఎప్పుడూ నాలుగే. తాడు బిగించి కట్టాను. అక్కడితో దిగిపోయి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

గెల నా మొహానికి ఎదురుగా ఉంది. ధర్మ పొద్దున చెక్కిన చోట తడిగా మెరుస్తోంది. చుక్క వెనక చుక్క కుండలో పడుతోంది. కుండ ఎత్తి తాగాను. తియ్యగా ఉంది. మళ్ళీ కట్టేశాను. కత్తి నడుముకే ఉంది. తీసి, గెల మొనన పలచగా ఒక చెక్కు తీశాను.

ఐదు గీతలు తెచ్చిన చేతికి కల్లు మాత్రం ఎందుకు రాదు అనిపించింది. అబద్ధం ఎందుకు, ఇంకోటి కూడా అనిపించింది. నాకు రాకపోతే వాడికీ రాకూడదనిపించింది.

దిగేసరికి మేడమ్ పటం పంపేసింది. ఇంకా నాలుగు కాలేదు. నాకు టీ పెట్టి ఇచ్చింది.

పొద్దు వాలేముందు మగవాళ్ళు వచ్చారు. ధర్మ ఒక అడవికోడిని రత్న చేతికిచ్చి, సాయంత్రం గీతకి చెట్టెక్కాడు. ఎప్పుడూ దిగేటంత సేపటికి దిగలేదు. గెల మీద వాడు తీసే చెక్కు ఎడమకి వాలుతుంది, నాది కుడికి. గీత తెలిసినవాడికి అది సంతకం పెట్టినట్టే. దిగి వచ్చి కుండ కింద పెట్టి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"కాలు తగ్గినాదా అన్నా?"

"తగ్గినాది."

అంతే అడిగాడు. ఆ పూట కోడికూర బాగుందని అందరూ అన్నారు.

మర్నాడు కుండ సగమే నిండింది. ఆ మర్నాడు అడుగున నాలుగు వేళ్ళు. మూడో రోజుకి గెల మొన నల్లబడి ఎండిపోయింది. నాలుగో రోజు పొద్దున డొప్పలతో వచ్చినవాళ్ళు డొప్పలతోనే నిలబడిపోయారు. యర్రయ్య కర్ర పట్టుకుని వచ్చి రాతి పక్కన కూర్చున్నాడు.

"నెల్లాళ్ళు కారవలసిన గెల ఇది. ఎవులెక్కినారు?"

నేను నేల చూశాను. ధర్మ ముందుకి వచ్చాడు.

"అన్న ఎక్కినాడు. నానే ఎక్కమన్నాను తాతా. ఏటకెల్లీ ముందు సెప్పేసి ఎల్లినాను, మేడమ్ పని ఆగిపోతాదని. కత్తి పెట్టి గెల కూడా సూడమన్నాను. తప్పు నాది, సెట్టుకి కోడి నాను కోత్తాను."

యర్రయ్య తల ఊపాడు. జనం మెత్తబడ్డారు. ఎవరో ఆడమనిషి "పోన్లే, అన్నే గదా" అంది. ఆ క్షణంలో నాకు ఏమనిపించాలి? బతికాననిపించాలి. ధర్మ కాళ్ళు పట్టుకోవాలనిపించాలి. నాకు మాత్రం కడుపు మండింది. తప్పు చేసింది నేనైతే, క్షమించిన పేరు కూడా వాడికే పోతోంది.

అప్పుడే రమణి మేడమ్ పిట్టల్ని చూసే అద్దాలు మెడలో వేసుకుని, కొండ వాలు నుంచి వచ్చింది. చివరి మాటలు వింది.

"అయ్యో, ధర్మకేమీ తెలీదండీ" అంది. "అంతా సుక్రు చేసిందే. కాలికి దెబ్బతో ఎక్కాడు. నేను వద్దన్నాను కూడా. ఆరు దాకా టైముంది, ధర్మ వస్తాడు, ఆగమన్నాను. వినలేదు. ఐదు గీతలు తెప్పించాడు. ధర్మకి శ్రమ ఎందుకని కల్లు కూడా తనే గీసి దిగాడు, నేను కింద నుంచి చూశాను. మీరంతా ఎప్పుడూ ధర్మనే మెచ్చుకుంటారు. సుక్రు పేరు ఒక్కరూ ఎత్తరు. నాకది బాధగా ఉంటుంది."

మనస్ఫూర్తిగా అంది. నెలన్నరగా నేను ఎదురు చూసిన మెప్పు అది, గుడంతా వింటుండగా వచ్చింది.

మేడమ్ అందరి మొహాలూ చూసింది. "నేనేమైనా తప్పుగా అన్నానా?" అని మెల్లగా అడిగింది. రత్న వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని గుడారంలోకి తీసుకుపోయింది.

యర్రయ్య చాలాసేపు కర్రతో మట్టి గీశాడు. "తరవాత గెల వొస్తన్నాది. అదెవులిదో సెప్పు ధర్మా. సెడగొట్టించుకున్నోడివి నువ్వు, నీ మాటే మాట."

ధర్మ నడుముకున్న గీత కత్తి తీశాడు. రాతి మీద పెట్టాడు.

"అన్నది" అన్నాడు.

జనం డొప్పలు అక్కడే పారేసి ఇళ్ళకి పోయారు.

ఆ సాయంత్రం ధర్మ ఆఖరిసారి ఎక్కి యాంటెన్నా విప్పి తెచ్చాడు. కట్టుబాటు సంగతి రత్న చెప్పిందేమో, మేడమ్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నా దగ్గరకి వచ్చి, "నాకు తెలీదు సుక్రూ" అంది. "మీరు అబద్ధమేటీ ఆడనేదు కదా మేడమ్" అన్నాను పెద్దమనిషిలా. లోపల ఆవిడ మీద పట్టరాని కోపంగా ఉంది. వాణ్ణి వందసార్లు మెచ్చుకుంది, ఒక్క హానీ జరగలేదు. నన్ను ఒక్కసారి మెచ్చుకుంది, నా కొంప మునిగింది.

గుడారం టైడా స్టేషన్ పైనున్న మిట్టకి మారింది. సామాను ధర్మే మోసుకెళ్ళాడు, బ్యాటరీతో సహా. అక్కడ వెదుళ్ళు ఒకదానికొకటి అతికి, నాలుగు వైపులా తాళ్ళు లాగి కట్టి, చెట్టంత గడ నిలబెట్టాడట. దాని మీద యాంటెన్నా కడితే ఎంత గాలికీ తిరగలేదని, ఆ తర్వాత ఒక్క రోజు కూడా మేడమ్ పటం ఆగలేదని కింది నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. చెట్టు కూడా అక్కర్లేదన్నమాట వాడికి.

"పనున్నాది, రెండ్రోజులు పోయి వొస్తాను ఒదినా" అని రత్నకి కబురు పెట్టాడు. రెండు రోజులు పోయాయి. వారం పోయింది. రత్న ప్రతి రాత్రీ ముగ్గురికి వండేది. మిగిలింది పొద్దున నేను చద్ది తాగేవాణ్ణి.

మే నెల సగంలో కొత్త గెల గీశాను. రెండో రోజుకే కుండ నిండింది. వారం తిరిగేసరికి రెండు కుండలు కట్టాల్సి వచ్చింది. అంత కల్లు ఆ చెట్టు ధర్మకి ఏనాడూ ఇవ్వలేదు. మొదట ఎవరూ రాలేదు. కల్లు కల్లే కదా, తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. నేను రాతి మీద కూర్చుని పోశాను, వాళ్ళు వంగారు. యర్రయ్య కూడా వంగాడు. తాగి, మూతి తుడుచుకుని పోయేవారు. ధర్మ పోసినప్పుడు అక్కడే కూర్చుని ఎండెక్కేదాకా కబుర్లు చెప్పుకునేవారు.

జూన్‌లో వానలకి ముందు మేడమ్ విశాఖపట్నం వెళ్ళిపోయిందని తెలిసింది. ఇక వాడు ఇంటికి వస్తాడని రత్న ఆ పూట చేపలు వండింది. వాడు రాలేదు. పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్ళని అడవిలో తిప్పే పని టైడాలోనే దొరికిందట, స్టేషన్ వెనక ఒక గది తీసుకున్నాడట.

మర్నాడు పొద్దుటి కల్లు ఆనపబుర్ర నిండా పోసుకుని నేనే దిగాను.

రేకు గది. గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. నన్ను చూడగానే లేచాడు. చాప తెచ్చి పరిచాడు. పక్క కొట్టుకి పోయి గాజుగ్లాసులో టీ తెచ్చి చేతికిచ్చాడు. వదిన బాగుందా అన్నాడు, వానలు పడ్డాయా అన్నాడు. నేను బుర్ర ముందుకి తోశాను. ఎత్తి గడగడా తాగాడు.

"బాగున్నాదన్నా" అన్నాడు. "నా సేతికన్నా నీ సేతికే బాగా పడతన్నాది."

దెప్పడం లేదు అందులో. నిజంగానే అన్నాడు. మూడేళ్ళుగా ఆ ఒక్క మాట వాడి నోటి నుంచి వినాలని నేను చచ్చేంత ఏడ్చాను. విన్నాను. టీ చల్లారిపోయింది.

"ఇంటికి రా, ధర్మా" అన్నాను. "గెల నీకిచ్చేత్తాను."

"నీ గెల అన్నా అది. నాను కత్తి పెడితే సెట్టు అలుగుతాది." నవ్వాడు. "బేగి ఎల్లు, వానొచ్చీలాగుంది."

బుర్ర తీసుకుని లోపలికి పోయాడు. కడిగి తెచ్చి ఇచ్చాడు. కొండ ఎక్కుతుంటే బుర్రలో ఏదో కదిలింది. చూడలేదు. ఇంటికొచ్చి రత్న చేతికిచ్చాను.

ఆమె మూతకున్న ఆకు తీసి, బుర్ర వంచింది. కాగితంలో కట్టిన బెల్లం ముక్కలు అరచేతిలో పడ్డాయి. మా గుడలో పొరుగింటి పాత్ర తిరిగి ఇచ్చేటప్పుడు ఒట్టిగా ఇవ్వరు. గుప్పెడు చోళ్ళో, ఇంత ఉప్పో, ఏదో ఒకటి వేసి ఇస్తారు. సొంత ఇంటి పాత్రలో అలా ఎవరూ వేయరు.

"ఆడిచ్చినాడా ఇది?" అంది.

"ఊఁ."

"ఆడే ఏసినాడా?"

రత్న ఆ బెల్లం ఎంతోసేపు చేతిలోనే పట్టుకుంది. తర్వాత దాన్ని చూరులో దోపి, పొయ్యి రాజేసి, బియ్యం తీసుకుంది. చాట ముందు పెట్టుకుని ఇద్దరికే కొలిచింది.